బొమ్మ హెలికాప్టరు మోటార్లు: కాల్చి నేర్చుకున్న సంగతులు

ఈసారి గోడపత్రికకి ఇంట్లో చేతులతో నేర్చుకున్న పని ఏదైనా ఒకటి రాయండి అని మేడమ్ చెప్పారు. నేను చెయ్యెత్తేలోపే క్లాసులో ముగ్గులు, ఊరగాయలు, కుట్లు, మెహందీ అన్నీ పంపకం అయిపోయాయి. నాకు మిగిలింది మా తమ్ముడి హెలికాప్టరు. నవ్వకండి. పోయిన సెలవుల్లో దాని మోటార్లు రెండుసార్లు మార్చాను, ఒకసారి దాన్ని కాల్చాను కూడా. మార్చినప్పటికంటే కాల్చినప్పుడే ఎక్కువ నేర్చుకున్నాను. మీ ఇంట్లో తమ్ముడో, అక్క పిల్లలో ఉంటే అటక మీద ఎగరని హెలికాప్టరు ఒకటి తప్పకుండా ఉంటుంది. పాత సామానువాడికి వేసేముందు ఇది ఒకసారి చదవండి.

మాది జానెడు పొడుగు. వాడు ఏడో తరగతి పాసైనప్పుడు అజ్జి కొనిచ్చింది. మా అమ్మ వైపు అంతా కన్నడ, నాన్న వైపు తెలుగు. అందుకని మాకు ఒక అజ్జి, ఒక అవ్వ ఉన్నారు. అజ్జి ఇప్పుడు ఊళ్ళో ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా వాడితో మొదట అడిగేది చదువు గురించి కాదు, హెలికాప్టరు ఎగురుతోందా అని. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది.

నేర్చుకునేవాళ్ళ హెలికాప్టర్లలో ఎక్కువమందికి తెలిసింది సైమా ఎస్107 లాంటి రకం. మాదీ ఆ తరహాదే, కంపెనీ వేరు. వీటికి ఒక రెక్కల జత మీద ఇంకో రెక్కల జత ఉంటుంది. రెండూ ఒకే ఇరుసు మీద ఉన్నా ఒకటి ఇటు, ఒకటి అటు తిరుగుతాయి. ఎందుకంటే రెక్క ఒకవైపు తిరిగితే దాన్ని తిప్పుతున్న ఒళ్ళు రెండోవైపు తిరగాలని చూస్తుంది. లైబ్రరీలో తిరిగే కుర్చీ ఉంది కదా, ఎవరూ చూడనప్పుడు కాళ్ళు పైకెత్తి కూర్చుని రెండు చేతులూ ఒకవైపుకి గట్టిగా విసరండి. కుర్చీ రెండోవైపు కదుల్తుంది. అదే ఇక్కడా జరిగేది. రెండు రెక్కల జతలు ఎదురెదురుగా తిరిగితే ఆ రెండు తోపులూ ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుని ఒళ్ళు నిలకడగా ఉంటుంది. పై జత ఒక మోటారుది, కింది జత ఇంకో మోటారుది. కుడికో ఎడమకో తిప్పాలంటే ఒక మోటారు వేగం కొంచెం పెంచి రెండోదాన్ని తగ్గిస్తారు. తోక మీద చిన్న ఫంకా ఒకటి ఉంటుంది. దానికి మూడో మోటారు. అది తోకని ఎత్తడమో దించడమో చేస్తే ముక్కు వంగి ముందుకో వెనక్కో పోతుంది.

ఈ పేరా గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు, అదే గొడవకి మొదలు.

ముందు మోటారు లోపల ఏముందో చెప్తాను. మా నాన్న పీణ్యాలో ఒక మోటారు రీవైండింగ్ షాపులో పనిచేస్తారు. బోరు మోటార్లు, పిండిమిల్లు మోటార్లు కాలిపోయి వస్తే పాత తీగ పీకేసి కొత్తగా చుట్టడం వాళ్ళ పని. ఆయన చేతిలో ఈ హెలికాప్టరు మోటారు పెడితే చిటికెనవేలి గోరు పక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఇందులో ఇనుము ఏదమ్మా?" అన్నారు. నిజంగానే లేదు. పెద్ద మోటార్లలో తిరిగే భాగం అంటే ఇనుప రేకుల పేర్పు, దాని గాళ్ళలో రాగి తీగ. ఈ చిన్నవాటిలో తీగనే బుట్టలాగా అల్లి, జిగురుతో గట్టిపరిచి, ఆ బుట్టనే తిప్పుతారు. బుట్ట లోపల కదలకుండా ఒక అయస్కాంతం ఉంటుంది. వీటిని కోర్‌లెస్ మోటార్లు అంటారు. ఏటవాలు అల్లిక బుట్టని 1950లలో జర్మనీకి చెందిన ఫ్రిట్జ్ ఫాల్‌హాబర్ తయారుచేశారు. ఇనుము లేదు కాబట్టి బరువు తక్కువ, వేగం టక్కున పెరుగుతుంది, టక్కున తగ్గుతుంది. హెలికాప్టరుకి కావలసింది అదే. కానీ ఇనుము వేడిని కాసేపు తనలో దాచుకుంటుంది. ఇనుము లేని బుట్ట దాచుకోలేదు, చప్పున వేడెక్కిపోతుంది. వేడి మితి మీరితే జిగురు మెత్తబడి బుట్ట ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న గోడకి రాసుకుంటుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. అయస్కాంతానికి కూడా వేడి పడదు. మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీల సెల్సియస్ దాటితే బలం పోగొట్టుకోవడం మొదలుపెడతాయి, చల్లారినా ఆ బలం మొత్తం తిరిగి రాదు.

తిరిగే బుట్టకి కరెంటు అందాలి కదా. దానికి ఇరుసు చివర చిన్న రాగి ముక్కలు వరసగా ఉంటాయి, వాటికి రెండు బ్రష్‌లు ఆనుకుని ఉంటాయి. ఆ రాగి ముక్కల భాగాన్ని కమ్యుటేటర్ అంటారు. (నాన్న షాపులో అందరూ కమిటేటర్ అంటారు, నేను దిద్దాలని చూసి తిట్లు తిన్నాను.) మిక్సీలో అయితే బొగ్గు బ్రష్‌లు ఉంటాయి, అరిగితే మార్చుకోవచ్చు. మన బుల్లి మోటార్లలో చాలావాటికి అవి వెంట్రుకంత సన్నటి లోహపు వేళ్ళు. మార్చడానికి కుదరదు. అవి అరిగితే మోటారే మార్చాలి. అంటే ఈ మోటారు వత్తిలాంటిది, ఎగిరినకొద్దీ అరిగిపోతుంది. దాన్ని చూసి బాధపడాల్సిన పని లేదు. తొందరగా అరగకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్నది.

తమ్ముడి హెలికాప్టరు మొదటిసారి ఎగరడం మానేసినప్పుడు మోటారు పోయిందనే అనుకున్నాం. మోటారు కాదు, నా వెంట్రుకలు. నిజం. ఫ్రేము స్క్రూలు విప్పి చూస్తే మోటారు మూతికి ఉన్న చిన్న పళ్ళచక్రం వెనకాల ఇరుసుకి మూడు పొడుగు వెంట్రుకలు చుట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాయి. ఇంట్లో జడ వేసుకునేవాళ్ళం ముగ్గురం. నేల మీద నుంచి లేచే ప్రతిసారీ రెక్కల గాలికి వెంట్రుకలు, దుప్పటి నూలు లోపలికి లాక్కుంటుంది. పళ్ళచక్రాన్ని ఆంగ్లంలోలాగే పినియన్ అంటారు. దాని వెనక సూదితో పైకి లాగి, చిన్న కత్తెరతో తుంచి, ట్వీజర్‌తో పీకాలి. బ్లేడుతో కొయ్యబోతే ఇరుసు మీద గాట్లు పడతాయి. ఆ పని అయ్యాక అది మునుపటిలా ఎగిరింది. కాబట్టి ఎవరైనా మోటారు మార్చాలి అంటే ముందు విప్పి చూడమనండి. ఇంకోటి, ఎగరేయడానికి నేల కాకుండా ఒక అట్ట ముక్కో, పీటో పెట్టండి. మేం ఇప్పుడు క్యాలెండరు అట్ట వాడుతున్నాం.

రెండోది నూనె. ఇరుసు బయటికి వచ్చే చోట చిన్న ఇత్తడి బుష్ ఉంటుంది. అది ఎండిపోతే మోటారు కీచుమంటుంది. కుట్టుమిషను నూనె చాలు. సీసాతో పొయ్యకండి. సూది మొన ముంచి, మొనకి అంటినంత మాత్రమే బుష్ దగ్గర తాకించాలి. ఎక్కువైతే లోపలికి జారి బ్రష్‌ల దగ్గర చేరుతుంది, అక్కడ అరిగిన పొడితో కలిసి నల్లటి బురద అవుతుంది, కరెంటు సరిగా అందదు. కొబ్బరినూనె మా తమ్ముడు ఒకసారి వేశాడు. దాని గురించి చెప్పను.

మూడోది విశ్రాంతి. ఇందులో 3.7 వోల్టుల లిథియం పాలిమర్ బ్యాటరీ ఉంటుంది, 150 మిల్లీ ఆంపియర్ అవర్ది. ఒక చార్జికి సుమారు ఎనిమిది నిమిషాలు ఎగురుతుంది. లెక్క వేస్తే సగటున 1.1 ఆంపియర్ పైచిలుకు. ఇంత బుల్లి వస్తువుకి అది తక్కువేమీ కాదు. దిగగానే మోటారు మీద వేలు పెట్టండి. వేలు ఆనించి ఉంచలేనంత వేడిగా ఉంటే ఏదో రాసుకుంటోందని అర్థం. మామూలు వేడే ఉన్నా పది నిమిషాలు చల్లారనిచ్చి అప్పుడు చార్జికి పెట్టాలి. బ్యాటరీకి కూడా అది మంచిది. ఇంకా ముఖ్యం, రెక్క దేనికైనా తట్టుకుని ఆగిపోతే ఆ క్షణమే బొటనవేలు కిందికి దించేయాలి. ఆగిపోయిన మోటారు తిరిగే మోటారు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఈ మాట నాకు అప్పుడు పుస్తకంలో చదివినట్టుగా మాత్రమే తెలుసు.

ఇక నా ఘనకార్యం.

నాలుగైదు నెలలకి పై రెక్కల మోటారు నిజంగానే నీరసపడింది. మోటారుని పరీక్షించడం ఇలాగ. రెక్కల్ని చేత్తో తిప్పి రెండు జతలూ ఒకేలా వదులుగా ఉన్నాయా చూడాలి. ఒకటి బిగుతుగా ఉంటే తప్పు పళ్ళచక్రంలోనో బుష్‌లోనో ఉంది. రెండూ వదులుగానే ఉంటే మోటార్లని బయటికి తీసి గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లుతో ఒక్కోదాన్నీ తిప్పాలి. చెవితోనే తెలిసిపోతుంది. మంచిది సన్నగా, ఒకే శ్రుతిలో పాడుతుంది. అరిగినది తడబడుతుంది, ఒక్కోసారి వేలితో తోస్తే తప్ప మొదలవదు. మాది అలా తోస్తే మొదలయ్యేది.

కొత్తది కొందామని ఎస్.పి. రోడ్డుకి వెళ్ళాను. బస్సు మనకి ఫ్రీ కాబట్టి చార్జీ లేదు. ఆ రోడ్డులో ఒక సందుకి ఇంకో సందు, అన్నింట్లోనూ వైర్లు, బోర్డులు, డబ్బాల్లో కుప్పలుగా మోటార్లు. అదే లావు, అదే పొడుగు మోటారు రెండు రకాలు కనిపించాయి. రెండోది వేగం ఎక్కువది. ధర తేడా పది రూపాయలు. వేగం ఎక్కువైతే మంచిదే కదా అని నేనే అడిగి అదే తీసుకున్నాను, ఒక్కటే. పాతది ఒకటి బాగానే ఉంది కదా, రెండు ఎందుకు అని నా పొదుపు.

ఇంటికొచ్చి వేశాను. హెలికాప్టరు లేచింది, లేచీ లేవగానే బొంగరంలా తిరగడం మొదలుపెట్టింది. రిమోట్‌లో ట్రిమ్ బటన్ని ఒకవైపు చివరిదాకా నొక్కినా ఆగలేదు. పైన చెప్పిన కుర్చీ గుర్తొచ్చిందా? ఒక జత గట్టిగా తోస్తోంది, ఒక జత మెల్లగా తోస్తోంది. సరితూగకపోతే ఒళ్ళు తిరిగి తీరుతుంది. లోపల ఉన్న గైరో చిన్న తేడాని సర్దగలదు కానీ ఇంత తేడాని కాదు. తప్పు అర్థమయ్యాక మళ్ళీ వెళ్ళి రెండోది కూడా వేగం రకమే తెచ్చి వేశాను. ఇప్పుడు రెండూ సమానం. అబ్బ, ఏం ఎగిరింది! సగం నొక్కితేనే లేచేది, మొత్తం నొక్కితే సీలింగుకి వెళ్ళి కొట్టుకునేది. వారం రోజులు ఇంట్లో నేనే ఇంజనీరుని. ఆర్ట్స్ తీసుకుందని ఎగతాళి చేసిన మా చిన్నాన్న కూడా వచ్చి చూసి వెళ్ళారు.

ఎనిమిదో రోజు అది హాల్లో కర్టెనులో చిక్కుకుంది. తమ్ముడు విడిపించడానికి ఇంకా గట్టిగా నొక్కాడు. రెండు మూడు సెకన్లు అంతే. సన్నగా పొగ, వాసన. వంటింట్లోంచి అమ్మ "సుట్టోయ్తు!" అంది. మా ఇంట్లో ఆ వాసనకి తెలుగు, కన్నడ రెండు భాషలూ ఉన్నాయి, నాన్న చొక్కాలకి రోజూ ఉంటుంది అది. కాలింది మోటారు కాదు, బోర్డు మీద మోటారుకి కరెంటు వదిలే చిన్న ట్రాన్సిస్టరు.

రాత్రి నాన్న రెండు రకాల మోటార్లనీ మల్టీమీటరుతో కొలిచి చూపించారు. పాతదాని తీగ నిరోధం 1.8 ఓమ్‌లు, వేగందానిది 1.2. "చుట్లు తగ్గించి తీగ లావు చేశారు. అంతే కదమ్మా, దీనికి పెద్ద రహస్యమేముంది" అన్నారు. బోరు మోటారు చుట్టేటప్పుడు కూడా ఎవరైనా చుట్లు తక్కువ వేస్తే కరెంటు ఎక్కువ లాగి మళ్ళీ కాలి షాపుకే వస్తుందట. లెక్క ఇదీ. మోటారు తిరుగుతున్నప్పుడు అది తనే ఎదురు వోల్టేజి పుట్టించి కరెంటుని ఆపుతూ ఉంటుంది. ఆగిపోతే ఆ అడ్డు లేదు, మిగిలింది తీగ నిరోధం మాత్రమే. 3.7 వోల్టుల్ని 1.8తో భాగిస్తే దాదాపు 2 ఆంపియర్లు. 1.2తో భాగిస్తే 3 ఆంపియర్లు దాటుతుంది. పాత మోటారుకి సరిపోయేలా పెట్టిన ట్రాన్సిస్టరు కొత్తదాని కరెంటుని మొయ్యలేదు. మొదటి మోటార్లే ఉండి ఉంటే కర్టెనులో బహుశా బతికేదేమో.

దీంట్లో నాకు ఆలస్యంగా అర్థమైన సంగతి ఇంకోటి ఉంది. హెలికాప్టరు గాల్లో ఊరికే నిలబడ్డానికి కావలసిన బలం దాని బరువుని బట్టి ఉంటుంది, మోటారుని బట్టి కాదు. అంటే వేగం మోటారు వేసినా గదిలో నిలబెట్టి ఆడించేటప్పుడు లాభమేమీ లేదు, తక్కువ నొక్కుతాం అంతే. లాభం కనిపించేది మొత్తం నొక్కినప్పుడు. కానీ రెక్కల వేగం 20 శాతం పెంచాలంటే శక్తి ఆ వేగపు ఘనం లెక్కన పెరగాలి, అంటే 1.2ని మూడుసార్లు హెచ్చిస్తే 1.73 రెట్లు. ఆ కరెంటు అంతా అదే బుల్లి బ్యాటరీ ఇవ్వాలి, అదే బోర్డు మొయ్యాలి. పెంచింది ఒక్కచోట, భారం పడింది నాలుగుచోట్ల.

తమ్ముడు నన్నేమీ అనలేదు. అదే బాధ. అజ్జి ఫోన్ చేస్తే "ఎగురుతోంది అజ్జీ" అని చెప్పి ఫోన్ అమ్మకి ఇచ్చేశాడు. నా పాకెట్ మనీతో కొత్త బోర్డు, మొదటి రకం మోటార్లు ఒక జత తెప్పించాను. ఈసారి ఎలా వేశానో చెప్తాను, మీరు ఏదో ఒకరోజు వేస్తారు.

విప్పకముందే ఫోన్లో నాలుగైదు ఫోటోలు తియ్యండి, ఏ రంగు వైరు ఎక్కడుందో కనిపించేలా. వైర్లు అటూఇటూ అయితే మోటారు వెనక్కి తిరుగుతుంది, రెక్కలు గాలిని కిందికి కాకుండా పైకి తోస్తాయి, హెలికాప్టరు నేలకి అతుక్కుని కూర్చుంటుంది. మోటారు కొనేటప్పుడే పినియన్ బిగించి ఉన్నదాన్ని కొనండి, పళ్ళ లెక్క పాతదానితో సరిపోవాలి. విడిగా కొని ఇరుసుకి నొక్కి ఎక్కించబోతే వెనక ప్లాస్టిక్ మూత ఊడి లోపలి బ్రష్‌లు వంగిపోతాయి. ఇది కూడా నా అనుభవమే, ఆ మోటారు ఇప్పుడు నా పెన్సిలు డబ్బాలో ఉంది. పినియను, పెద్ద పళ్ళచక్రం మరీ ఒత్తుకుంటే మోటారు వేడెక్కుతుంది, మరీ దూరమైతే పళ్ళు జారి అరుగుతాయి. మధ్యలో సన్నటి కాగితం ముక్క పెట్టి, రెండింటినీ ఆనించి, మోటారు బిగించి, తర్వాత చక్రం తిప్పుతూ కాగితం లాగేయాలి. ఆ కాగితం మందమే కావలసిన ఎడం. మా వాటికి బస్సు టికెట్టు కాగితం సరిగ్గా సరిపోయింది.

సోల్డరింగ్ నాన్న చెయ్యలేదు, నాతోనే చేయించారు. ఐరన్ని బాగా వేడెక్కనిచ్చి, రెండు సెకన్లు తాకించి తీసెయ్యాలి. చల్లటి ఐరన్‌తో చాలాసేపు రుద్దితేనే బోర్డు మీద రాగి లేచిపోతుంది. బ్యాటరీ వైరు ముందు విప్పి, దాని కొనలు ఒకదానికొకటి తగలకుండా టేపు వెయ్యడం మర్చిపోకండి. లిథియం బ్యాటరీ పొట్టు సర్క్యూట్ అయితే ఆట కాదు. అన్నీ అయ్యాక, రెక్కలు బిగించకుండా రెండు మోటార్లనీ కాసేపు నెమ్మదిగా తిప్పాను. బొగ్గు బ్రష్‌ల మోటార్లయితే ఇలా చేస్తే బ్రష్ కొన కమ్యుటేటరు గుండ్రానికి తగ్గట్టు అరిగి సర్దుకుంటుంది. లోహపు వేళ్ళ మోటార్లకి దీనివల్ల పెద్ద ఉపయోగం ఉంటుందని నాకనిపించదు. కానీ తప్పేదైనా ఉంటే రెక్కలు లేనప్పుడే బయటపడుతుంది.

మరి మోటారు స్థాయి పెంచడం అన్నది అసలు వద్దా అంటే, ఇంకొంచెం పెద్ద రకాల్లో దానికి అర్థం ఉంది. ఈస్కై లామా వీ4 లాంటివి ఉన్నాయి, రెండు సెల్లుల 7.4 వోల్టుల బ్యాటరీ, 180 సైజు మోటార్లు. వాటి మోటార్ల చుట్టూ తొడిగే అల్యూమినియం రెక్కల తొడుగులు దొరుకుతాయి, వేడిని గాలికి వదలడానికి. నన్నడిగితే వేగం మోటారు కంటే ముందు కొనాల్సింది అదే. బ్రష్‌లే లేని మోటార్లు కూడా పెడతారు, అవి అరగవు. కానీ వాటికి మూడు వైర్లు, నడపడానికి వేరే కంట్రోలరు కావాలి, పాత బోర్డు పనికిరాదు. అంత ఖర్చు పెట్టేకంటే ఇంకో హెలికాప్టరు కొనుక్కోవచ్చు అనిపిస్తుంది. డబ్ల్యూఎల్ టాయ్స్ వీ911 లాగా ఒకే రెక్కల జత ఉన్నవాటిలో ఒంటి తిరుగుడుని ఆపే పని మొత్తం తోక మోటారుదే. బుల్లి మోటారు, ఎగిరినంతసేపూ విశ్రాంతి లేదు. అందుకే వాటిలో తరచూ ముందు పోయేది తోక మోటారు. అలాంటిది కొంటే తోక మోటారు ఒకటి అదనంగా తెచ్చి పెట్టుకోండి.

మాది మళ్ళీ ఎగురుతోంది. మునుపటిలాగే సీలింగు దాకా పోదు, ఫ్యాను స్విచ్చు ఎత్తులో నిలబడి ఉంటుంది. పోయిన ఆదివారం తమ్ముడు వీడియో తీసి అజ్జికి పంపాడు. నిన్నటి నుంచి తోక మోటారు కొద్దిగా కీచుమంటోంది. సూదీ, అమ్మ కుట్టుమిషను నూనె సీసా బల్ల మీద పెట్టి వచ్చాను, కాలేజీ నుంచి వెళ్ళాక చూడాలి.